సేమియా పోగంత నరం

మొదట ఒక సంగతి

స్కానింగ్ డాక్టర్ అంటే మా వైపు అందరికీ ఒకటే అర్థం, కడుపులో బిడ్డను చూసే మనిషి. మోకాలు చూపించుకోవడానికి వచ్చిన ముసలామె కూడా టేబుల్ ఎక్కగానే చీర కుచ్చిళ్లు వదులు చేసుకుని పొట్ట చూపించేది. "అవ్వా, మోకాలు గదా" అంటే, "గట్లనా? నేను కడుపే సూస్తరనుకున్న బిడ్డా" అని నవ్వేది. ఆదిలాబాద్‌లో కొన్నేళ్లు, తర్వాత సర్వీసంతా కరీంనగర్‌లో, నేను చేసింది ఈ పనే. రిటైరై మూడేళ్లయింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. "మేడం, మీరు ఆడవాళ్ల కటి భాగంలో నరాలు వెతికేవారట కదా, ఎలా నేర్చుకున్నారు?" అని అడుగుతారు. ఫోన్లో చెప్పేంత చిన్న కథ కాదు. అందుకే రాస్తున్నాను. ఏ ఏడు ఏ పోస్టులో ఉన్నానో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఇందులో ఉండదు. అవి నాకే సరిగా గుర్తులేవు. గుర్తున్నవల్లా ఒక బీడీల మనిషి, ఒక మత్తు డాక్టరు, నేను చేసిన తప్పులు.

జల్దీ సారు

ఆదిలాబాద్‌లో నా మొదటి పెద్దసారుది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. ఇంట్లో మరాఠీ, ఆసుపత్రిలో తెలుగు, కోపమొస్తే రెండూ. "జల్దీ బాయి, జల్దీ!" అనేది ఆయన ఊతపదం. మేం ఆయన్ని జల్దీ సారు అనే పిలుచుకునేవాళ్లం, చాటున.

ఆ తొందరలో దయ ఉండేది. స్కానింగ్‌కు వచ్చిన ఆడవాళ్లు బిందెడు నీళ్లు తాగి, ఒంటికి పోకుండా బిగబట్టుకుని బయట బెంచీ మీద కూర్చునేవాళ్లు. వాళ్లకు ఒక్కో నిమిషం ఒక్కో గంట. సారు మూడు నిమిషాల్లో ఒక పొట్ట చూసి పంపేవాడు. నాకు చేతివేగం వచ్చిందంటే ఆయన పెట్టిన భిక్షే.

కానీ ఆయన ఇంకో మాట కూడా నేర్పాడు. "ముచ్చట్లు గైనిక్ వాళ్లు పెట్టుకుంటరు. మనం బొమ్మ సూసుడే." ఇరవై ఏళ్లు ఆ మాటను వేదంలా పాటించాను. సారు మంచివాడు, ఆ మాట మాత్రం తప్పు. గురువు మీద గౌరవముంటే ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోవాలని లేదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బస్సులో నిలబడ్డ మనిషి

మంథని మా అమ్మగారి ఊరు. ఒక ఆదివారం పొద్దున కరీంనగర్‌లో మంథని బస్సెక్కాను. సగం సీట్లు ఖాళీ. ఒకామె మాత్రం కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్లుంటాయి. కండక్టర్ రెండుసార్లు కూర్చోమంది, ఈమె వినలేదు.

"ఇక్కడ ఖాళీ ఉంది, రా అమ్మా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. చూసి, ఇంకా చూసింది.

"మీరు స్కానింగ్ మేడం గదా? మీరే రాసిండ్రు, నాకేం లేదని."

పేరు భూలక్ష్మి. ఖానాపూర్ దగ్గర అత్తగారిల్లు, మంథని దగ్గర తల్లిగారిల్లు. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. తను బీడీలు చేస్తుంది. అయిదు నెలల కింద నా దగ్గరికి వచ్చిందట. నాకు మొహం కూడా గుర్తులేదు. గర్భసంచి, అండాశయాలు, మూత్రసంచి అన్నీ చూసి 'నార్మల్' అని రాసి పంపి ఉంటాను. "మేడం, కూసుంటెనే నొప్పి" అని తలుపు దగ్గర చెప్పబోయిందట. నేను తల ఎత్తకుండా, "రిపోర్టు మీ డాక్టరమ్మకు చూపించు" అన్నానట. అని ఉంటాను. రోజూ అనే మాటే.

ఆమె నిలబడి ఉంటే నేను కూర్చుని మాట్లాడటం బాగనిపించలేదు. లేచి పక్కన నిలబడ్డాను. కండక్టర్ మా ఇద్దరినీ వింతగా చూసింది. సుల్తానాబాద్ దాటేదాకా అలాగే మాట్లాడుకున్నాం.

"ఎప్పటి నుంచి?"

"చిన్నోడు పుట్టినప్పటి సంది. మూడేండ్లు. రెండు రోజులు నొప్పులు తీసిన, ఆఖరికి పట్టుకారు పెట్టి గుంజిండ్రు."

"నొప్పి ఎట్లుంటది?"

"కింద మిరపకాయ రాసినట్టు మంట. కూసుంటె లేస్తది, నిలవడితె తగ్గుతది. పండుకుంటె అసలే ఉండది. సుట్టబట్ట మీద కూసుంటె జర నయం."

సుట్టబట్ట అంటే నెత్తిన బిందె పెట్టుకునేటప్పుడు కింద వేసుకునే గుడ్డ చుట్ట. మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పడదు. నొప్పి సరిగ్గా ఎక్కడుందో ఆ ఒక్క మాటలోనే చెప్పేసింది. అయిదు నెలల కింద ఒక్క నిమిషం ఆగి ఉంటే నాకూ చెప్పేది.

"మరి బీడీలెట్ల చేస్తవు?"

"సందూక పెట్టె మీద ఇంకో పెట్టె పెట్టి, దాని మీద చాట పెట్టుకుంట. నిలవడే చుడుత. మా అత్త అంటది, కూసోనీకి నొప్పి గని తిరగనీకి లేదట, దొర బిడ్డ అని. మా ఆయన గూడ ఫోన్ల గదే అంటడు." కిటికీలోంచి చూస్తూ అంది. "ఇగ వచ్చే సోమవారం గర్భసంచి తీస్తమన్నరు. రిపోర్టుల ఏం లేదు గదా, తీసేస్తె పోతదేమో సూద్దామన్నరు."

ఆ రిపోర్టు నాదే. నేను రాసిన ఒక్క మాట పట్టుకుని ఎవరో ఆమె గర్భసంచి తీయబోతున్నారు.

"ఆ సోమవారం నాకియ్యి" అన్నాను. "వాళ్ల దగ్గరికి పోకు. నా దగ్గరికి రా."

"మీకిస్తె ఏం జేస్తరు?"

"ఇప్పటికైతే నాకు తెల్వది. తెలుసుకుంట."

ఆమె నవ్వింది. డాక్టరు నోట 'తెల్వదు' అనే మాట వినడం అదే మొదటిసారట.

ఖలీల్ సాబ్

మా ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఖలీల్ సాబ్. సూది గుచ్చే ముందు ప్రతి పేషెంటునూ ఇవాళ ఏం కూర వండావని అడుగుతాడు. ఆమె బెండకాయ గురించి చెబుతుండగా ఆయన సూది వేసేసి ఉంటాడు. నేను సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచాడు.

"అరె మేడం, గిది పుడెండల్ నరం లొల్లి! కాన్పుల నలిగిందది. దాని పక్కపొంటి మందు పెడ్తె నొప్పి ఆగాలె. ఆగితె మనం పట్టుకున్నట్టే."

"మీకిచ్చుడొస్తదా?"

"పాత కాలపోళ్లు వేలుతోని తడిమి, అందాజ మీద ఇచ్చేటోళ్లు. నా సూది గుడ్డిది మేడం. మీరు తొవ్వ సూపియ్యాలె."

ఆ నరం గురించి చదువుకున్నది పరీక్షలకే. వెన్ను చివర పుట్టి, పిరుదు లోపలి నుంచి తిరిగి, ఆడవాళ్ల మర్మభాగమంతటికీ స్పర్శనిచ్చే నరం. మందం నానిన సేమియా పోగంత. కటి ఎముక లోపలివైపు ముల్లులా పొడుచుకొచ్చిన మొన ఒకటుంటుంది. దాని దగ్గర రెండు గట్టి పట్టీల మధ్య ఇరుకు సందులోంచి ఇది దూరి పోతుంది. పైన పిరుదు కండ మందం. స్కానింగ్ తెర మీద అంత లోతున ఏదైనా మబ్బు పట్టినట్టే కనిపిస్తుంది.

ఎవరి మీద నేర్చుకోవాలి? మా హెడ్ నర్సు సరోజన సిస్టర్ తనే ముందుకొచ్చింది. మధ్యాహ్నం ఓపీ అయ్యాక, తలుపేసుకుని, బోర్లా పడుకునేది. నేను జెల్ రాసి, చేత్తో ఆనించే ప్రోబ్ పెట్టి వెతికేదాన్ని. ఆమె దిండులో మొహం పెట్టి, చుట్టాల ముచ్చట్లన్నీ చెప్పేది.

"దొరికిందా మేడం?"

"లేదు సిస్టర్."

"నాకు ఉన్నదంటరా అసలు? ఆకలైతుంది, జల్ది దేవులాడుండ్రి."

పది రోజులు ఎముకే కనిపించింది. తర్వాత ఎముక మొన. ఆ తర్వాత మొన నుంచి సాగే తెల్లటి పట్టీ. సిస్టర్ ఇద్దరు స్టాఫ్ నర్సులను కూడా ఒప్పించి తెచ్చింది. ఒకరిలో ఉన్నట్టు ఇంకొకరిలో లేదు. ఒక మధ్యాహ్నం నేనూ పడుకుని ప్రోబ్ ఇంకొకరికిచ్చాను. ఎంత నొక్కితే ఎంత నొప్పో అప్పుడు తెలిసింది. మీరు కూడా ఒకసారి ఆ టేబుల్ మీద బోర్లా పడుకుని చూడండి. ఎంత చదివినా అది తెలియదు.

కాలు పడిపోయిన రోజు

ఈ వెతుకులాట సాగుతుండగానే, అనుకున్న సోమవారం భూలక్ష్మి వచ్చింది. మా గైనిక్ డాక్టరమ్మ మళ్లీ పరీక్ష చేసి, గర్భసంచిలో తీయాల్సిందేం లేదని తేల్చింది. ఇంకో పది రోజులాగి, నాకు ధైర్యం వచ్చిందనుకున్నాక, సూదికి పిలిచాం.

ప్రోబ్ పెట్టాను. నిమిషం తిరక్కుండానే తెర మీద మెరిసే నరం, అందంగా. "దొరికింది సాబ్!" అన్నాను. ఖలీల్ సాబ్ పప్పు చారు గురించి అడిగాడు. సూది దిగింది. మందు పోయింది.

పావుగంట తర్వాత లేపి కూర్చోబెట్టాం. "మంట గట్లనే ఉంది" అంది. దిగి నిలబడబోయింది, కుడికాలి పాదం వేలాడిపోయింది. సిస్టర్ పట్టుకోకపోతే పడిపోయేదే.

నేను చూపించింది పుడెండల్ నరం కాదు. కాలిలోకి దిగే పెద్ద నరం, సయాటికా అని జనమంతా అనుకునేది. అది దీని పక్కనే, కొంచెం బయటివైపు ఉంటుంది. లావుది, మెరిసేది, ఎవరికైనా దొరికేది. నేను వెతికింది దొరకలేదు, దొరికినదాన్నే వెతికానని నమ్మాను. రక్తనాళాలను రంగుల్లో చూపించే డాప్లర్ బటన్ నా చేతి కిందే ఉంది. నొక్కలేదు.

మత్తు దిగేదాకా కాలు రాదు, సాయంత్రానికి మామూలైపోతుంది, భయం లేదు. ఆ మాట చెబుతుండగానే వాళ్లత్త లోపలికొచ్చింది. పేరు రాజవ్వ. కోడల్ని చూసింది, వేలాడుతున్న పాదం చూసింది.

"ఓ డాక్టరమ్మా! దీనికి కూసునుడే రాదంటె, నిలవడుడు గూడ పాయెనా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భూలక్ష్మి మాత్రం పకపకా నవ్వేసింది. రాజవ్వకు కుర్చీ వేసి నేనే చెప్పాను. "తప్పు నాది పెద్దమ్మా. వేరే నరం చూపెట్టిన. పొద్దుగూకేసరికి కాలు వస్తది. రాకపోతే ఇంటికి పంపను, నేనూ పోను."

ఖలీల్ సాబ్ వెంటనే, "సూది నాది" అన్నాడు. పక్కన నిలబడి ఆ మాట అనగలిగే మనిషి దొరికితే మీ ఉద్యోగం సగం గట్టెక్కినట్టే.

సాయంత్రం అయిదింటికి భూలక్ష్మి బొటనవేలు కదిలించింది. చెప్పులేసుకుంటూ, నేను అడగకముందే అంది. "మళ్లెప్పుడు రావాలె?"

"మళ్లొస్తవా?"

"మూడేండ్ల సంది అందరు నాకేం లేదన్నరు. మీరొక్కలే ఉన్నదని దేవులాడుతున్నరు. వస్త."

పక్కింటివాళ్లను అడిగి

మా ఊళ్లలో ఇంటి నంబరు చూసి ఎవరూ ఇల్లు పట్టుకోరు. పక్కింటివాళ్లెవరో అడుగుతారు. ఆ తర్వాత రెండు వారాలూ నేను చేసింది అదే. నరాన్ని వెతకడం మానేసి దాని ఇరుగుపొరుగును వెతికాను. ముందు ఎముక మొన. దాని నుంచి సాగే పట్టీ. ఆ పట్టీ మీద కొట్టుకుంటున్న చిన్న రక్తనాళం. డాప్లర్ నొక్కితే ఎర్రగా, నీలంగా మిణుకుమంటుంది. దానికి కొంచెం లోపలివైపున ఉండేదే మన నరం. కొందరిలో నరం అసలు కనిపించదు. కనిపించకపోయినా ఇరుగుపొరుగు సరిగా ఉంటే మందు అక్కడికే చేరుతుంది.

రెండోసారి, మధ్యాహ్నం. డాప్లర్ మొదటే నొక్కాను. మిణుకు కనిపించింది. "ఇంకొంచెం లోపలికి సాబ్. ఆగుండ్రి. ఇక్కడ." ఈసారి ఆయన కూర సంగతి అడగలేదు, ఆయనకూ భయమే. మందు తెర మీద నల్లగా పరుచుకుంది. రెండు పట్టీల మధ్య సందు తెరుచుకుంటుంటే, బూడిద రంగు పోగు ఒకటి ఆ నలుపులో తేలింది.

ముందు కాలు కదిలించమన్నాం. కదిలింది. ఇరవై నిమిషాలాగి కూర్చోమన్నాం, చెక్క స్టూలు మీద. భూలక్ష్మి చేతులతో స్టూలు అంచు పట్టుకుని, నీళ్లలోకి దిగుతున్నట్టు మెల్లగా కూర్చుంది. చేతులు వదిలేసింది.

"మేడం" అంది చివరికి, "జర చాయ్ తెప్పియ్యుండ్రి. కూసోని తాగుత."

సరోజన సిస్టర్ తనే పోయి తెచ్చింది. భూలక్ష్మి ఆ చాయ్ చాలాసేపు తాగింది. చల్లారిపోయినా తాగుతూనే ఉంది.

ఆ సుఖం ఆ రాత్రి దాకానే. మత్తు దిగాక మంట మళ్లీ వచ్చింది, ఇది ఆమెకు ముందే చెప్పాం. కానీ దోషి ఎవరో తేలిపోయింది. కొన్ని నెలల్లో ఇంకో మూడు సూదులు, కటి కండరాలను వదులు చేసే వ్యాయామాలు. పూర్తిగా పోయిందని చెప్పను. గంటా గంటన్నర కూర్చుంటుంది, లేచి తిరుగుతుంది, మళ్లీ కూర్చుంటుంది. గర్భసంచి దాని చోట అది ఉంది.

మూడో సూది రోజు రాజవ్వను లోపలికి పిలిచి తెర చూపించాను. వేలు పెట్టి చూపిస్తే కళ్లు చికిలించి చూసింది.

"గిదేనా?"

"ఇదే పెద్దమ్మా."

"గింత దానికా, ఇన్నొద్దులు దీన్ని తిట్టిన?" అని కోడలి వైపు చూసింది. కోడలు బోర్లా పడుకుని ఉంది, మొహం కనిపించదు. రాజవ్వ దగ్గరికి పోయి జారిన చీర కొంగు తీసి కోడలి వీపు మీద కప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "నాకు గూడ నడుము గుంజుతది. ఎట్లైన మిషిన్ పెట్టిండ్రు, నాది గూడ సూడుండ్రి" అని టేబుల్ పక్కన లైన్లో నిలబడింది.

కొత్త బండి

గెలిచిన కథ చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. భూలక్ష్మి తర్వాత నాకు అందరిలోనూ అదే నరం కనిపించసాగింది. మంథని నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, ఆమెదీ కూర్చుంటే నొప్పే. ఒక సూది ఇచ్చాం. చోటు సరైనదే, స్పర్శ పోయింది, నొప్పి పోలేదు. అంటే నేరం ఈ నరానిది కాదు. ఒప్పుకోవడానికి మనసు రాక ఇంకోటి ఇప్పించాను. ఖలీల్ సాబ్ మూడోదానికి రానన్నాడు.

"కొత్త బండి కొన్నోడు ఉప్పు ప్యాకిట్‌కు గూడ బండి మీదనే పోతడు మేడం. మనది గట్లనే అయితుంది."

కోపమొచ్చింది కానీ నిజం. టీచరమ్మది తోక ఎముక నొప్పి. ఎముకల డాక్టరు పట్టుకున్నాడు. ఆ రెండో సూది ఆమెకు అనవసరంగా పడింది. అది నా ఖాతాలోదే.

ఎవరు డాక్టర్?

రిటైర్మెంట్‌కు కొన్ని నెలల ముందు, ఈ సూదుల కోసమే నెలకోసారి ఖలీల్ సాబ్, నేను ఆదిలాబాద్ పోయేవాళ్లం. నాతో స్నేహ అని ఒక జూనియర్ డాక్టరు. నెమ్మదస్తురాలు. మాట బయటికి రావాలంటే పది సార్లు ఆలోచిస్తుంది.

ఒక రోజు పేషెంటు పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒక పెద్దావిడ, మరాఠీ తెలుగు కలిపి గలగలా మాట్లాడుతోంది. నేను ప్రోబ్ పెట్టి, డాప్లర్ నొక్కి, మిణుకు చూసి, "ఇక్కడ సాబ్" అన్నాను. సూది చర్మానికి తాకబోతోంది.

"మేడం." స్నేహ గొంతు వణికింది. "అది కాదేమో. అది పైన ఉండే వేరే నాళం. మనం మొన దాకా దిగలేదు. ఇంకో రెండు వేళ్లు కిందికి రావాలి."

ఖలీల్ సాబ్ సూది ఆపాడు. నాకు ఒక్క క్షణం ఒళ్లు మండింది. పేషెంటు ముందు, నాకు చెబుతుందా! తెర వైపు మళ్లీ చూశాను. మొన దగ్గర తిన్నగా కావాల్సిన ఎముక గీత ఇంకా వంపుగానే ఉంది, మొన రాలేదు. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆగకపోతే ఇంకో కాలు పడిపోయేది.

బోర్లా పడుకున్న పెద్దావిడ తల తిప్పి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏ బాయి, మీ ఇద్దర్ల డాక్టర్ ఎవరు?"

ప్రోబ్ స్నేహ చేతిలో పెట్టాను. "ఇయ్యాల్టి సంది ఈమెనే" అన్నాను.

"అయితె నువ్వు ఖాళీనే గదా. ఇటు రా, నా చెయ్యి పట్టుకో. నాకు సూదంటె భయం."

స్టూలు లాక్కుని ఆమె తల దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. పత్తి ఏరి ఏరి గరుకైన చెయ్యి, నా వేళ్లు నలిగిపోయేంత గట్టిగా పట్టింది. వెనక నుంచి స్నేహ గొంతు వినిపించింది, ఈసారి వణకకుండా.

"దొరికింది సార్. రండి."